వడ్రంగి పెట్టెలోని పాత రంపములు

తెలుగువారి నుడికారములో రంపమునకు మంచిపేరు లేదు. ఓర్వరాని వేదనను రంపపుకోత యందుము. ఉలికి శిల్పి వలన గౌరవము వచ్చినది. నాగలికి రైతు వలన గౌరవము వచ్చినది. రంపమునకు దక్కినది ఈ బాధాకరమైన పలుకుబడి మాత్రమే. అయినను మన యింటి గుమ్మము, తలుపు, దూలము, మంచము, మనము కూర్చుండి రేడియో వినెడు కుర్చీ, ఇవి యన్నియు ఎప్పుడో ఒకప్పుడు రంపపు పళ్ళ నడుమనుండి వచ్చినవే.

డోన్ మొదలుకొని నంద్యాల, ఆళ్ళగడ్డ వరకు గల ఊళ్ళలో వడ్రంగమే జీవనముగా నుండిన కుటుంబములలో నేడొక ప్రశ్న పుట్టుచున్నది. తాతలనాటి పనిముట్ల పెట్టె అటకమీద నున్నది. మనుమలు విద్యుచ్ఛక్తితో తిరుగు చక్రపు రంపములతో పనిచేయుచున్నారు, లేదా వృత్తినే విడిచి వేరు ఉద్యోగములకు పోయినారు. ఇల్లు మరమ్మతు చేయించునప్పుడో, అన్నదమ్ములు వేరుపడునప్పుడో ఆ పెట్టె క్రిందికి దిగును. పాత యినుము కొనువాడు త్రాసుతో వాకిట సిద్ధముగా నుండును. అందులోని రంపములలో ఏది యుంచుకొనవలెను? ఏది బాగుచేయించవలెను? ఏది అమ్మివేయవలెను?

ఈ ప్రశ్నకు బజారు చెప్పు సమాధాన మొకటి, చరిత్ర చెప్పు సమాధాన మొకటి. తరచుగా అవి రెండును ఎదురెదురు దిక్కులకు పోవును. బజారులో ఎక్కువ ధర పలుకు రంపము చరిత్రకు పెద్దగా కొత్తమాట చెప్పదు. చరిత్రకు మిక్కిలి కావలసిన రంపము త్రాసులోనికి మొదట పోవును. అట్లెందుకు జరుగుచున్నదో తెలియవలెనన్న, ఆ పెట్టెలోనికి ఏ రంపము ఏ దారిని వచ్చినదో కొంచెము విచారింపవలసియున్నది.

రంపము మిక్కిలి ప్రాచీనమైన పనిముట్టు. ఈజిప్టువారు రాగి రంపములతో కొయ్యను కోసిరి. మొహెంజొదారో త్రవ్వకములలో రాగి, కంచు రంపములు దొరకినవి. రాగి మెత్తని లోహము గనుక రాగి రంపమును ముందునకు త్రోసిన యెడల రేకు వంగిపోవును. కావున దానిని తనవైపునకు లాగి కోయవలెను. లాగునప్పుడు రేకు బిగువుగా నిలుచును. ఈ లాగెడు పద్ధతి మన దేశములో ఇనుము, ఉక్కు వచ్చిన తరువాతను చాలకాలము నిలిచినది. మన వడ్రంగి నేలపై కూర్చుండి, కొయ్యను పాదముతో అదిమిపట్టి, పళ్ళు పిడివైపునకు వాలియున్న రంపమును తనవైపునకు లాగుచు కోసెడివాడు. జపాను వడ్రంగులు నేటికిని లాగియే కోయుదురు. ఐరోపావారు నిలువుబల్లపై పనిచేయుట మరగి, త్రోసి కోయు రంపమును పెంచుకొనిరి. త్రోయుటకు రేకు వెడల్పుగా, గట్టిగా నుండవలెను. లాగుటకు పలుచగా నున్నను చాలును. ఒక రంపమును చేతబట్టి పళ్ళు ఏవైపునకు వాలియున్నవో చూచినచో, దానిని చేసినవాడు కూర్చుండి పనిచేసెడివాడా, నిలుచుండి పనిచేసెడివాడా యని చాలవరకు ఊహింపవచ్చును.

సంస్కృతమున రంపమునకు కరపత్రమనియు, క్రకచమనియు పేర్లు గలవు. ఈ రెండవ పేరుతో మన గణితశాస్త్రములో ఒక ప్రకరణమే యున్నదని చాలమందికి తెలియదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహములో కోత లెక్కలు గలవు. పావులూరి మల్లన తెనిగించినది ఈ గ్రంథమునే. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో క్రకచ వ్యవహారమని వేరుగా ఒక భాగము కలదు. దాని సారాంశ మిది: దుంగ మొదటి మందమును, చివరి మందమును కూడి సగము చేయవలెను, దానిని పొడవుతో హెచ్చవేసి, ఎన్ని కోతలు పడినవో ఆ సంఖ్యతో మరల హెచ్చవేయవలెను. కొలతలు అంగుళములలో నున్నచో 576 చేత భాగించిన యెడల కోసిన తలము హస్తములలో వచ్చును. హస్తమునకు 24 అంగుళములు గనుక 24ను 24తో హెచ్చవేయగా ఈ 576 వచ్చినది. మొదట 20, చివర 16 అంగుళముల మందము, 100 అంగుళముల పొడవు గల మ్రానును నాలుగు కోతలు కోసిన పన్నెండున్నర హస్తముల కోత యగును. కూలి మాత్రము కొయ్య మెత్తదనమును, గట్టిదనమును బట్టి ఇరువురు మాటాడుకొనవలసినదే యని భాస్కరాచార్యుడు విడిచిపెట్టినాడు. వ్యవహారము తెలిసిన గణితజ్ఞుడు! నిద్రగన్నేరు కోతకును, నల్లమద్ది కోతకును ఒకే కూలి యిత్తుమన్న ఏ కోతగాడు ఒప్పుకొనును?

ఇక మన ప్రాంతమునకు వత్తము. డోన్‌కు తూర్పున, నంద్యాల దాటిన తరువాత నల్లమల కొండలు మొదలగును. ఆళ్ళగడ్డ ప్రక్కనే అహోబిలపు అడవి. టేకు, నల్లమద్ది, వేగిస, నారేపి, బిల్లుడు మొదలగు కలప ఆ కొండలలో పుట్టినది. మైదానములో నల్లతుమ్మయు, వేపయు గలవు. నాగళ్ళకు, బండి చక్రములకు తుమ్మను మించిన కొయ్య లేదని రైతుల నమ్మకము. అది అనుభవముచేత కలిగిన నమ్మకమే. ఈ సీమలో ఇండ్లు మిద్దెలు. కొయ్య స్తంభములపై దూలములు, దూలములపై దంతెలు, వానిపై బేతంచెర్ల ప్రాంతమునుండి వచ్చు బండలు, ఆ పైన మన్ను. అంత బరువును మోయు దూలము చిన్న కొయ్య కాదు. దానిని చేతిరంపముతో కోయుట సాధ్యము కాదు.

అందుకొఱకే ఇద్దరు మనుష్యులు పట్టి లాగెడు పెద్దరంపము. దుంగను ఒక గుంటపైన గాని, నిలువు కొయ్యల మీద ఏటవాలుగా గాని నిలిపి, నూలుదారమును మసిలోనో జాజులోనో ముంచి, దుంగపై సాగదీసి, మీటి, గీత వేయుదురు. ఒకడు దుంగపైకెక్కి నిలుచును. రెండవవాడు క్రిందనుండి లాగును. పైవాడు గీతను కాపాడవలెను. క్రిందివానికి కన్నులలోను, ముక్కులోను పొట్టు పడుచునే యుండును. ఒకని లాగుడు మరియొకని లాగుడుతో కలియకపోయిన యెడల రేకు మెలికపడును. జతకోతగాండ్రు ఒకరికొకరు అలవాటుపడి ఏండ్ల తరబడి కలిసియే పనిచేయుటకు కారణ మిదియే. గుమ్మము చేసినవానిని ఊరు వడ్లాయన యని పిలిచి గౌరవించినది. ఆ గుమ్మమునకు పలకలు కోసి యిచ్చిన ఈ జతకోతగాండ్రను ఎవరును పేరుపెట్టి తలంచుకొనరు.

1876 మొదలు 1878 వరకు సాగిన ఘోరమైన కఱవు బళ్ళారి, కర్నూలు, కడప మండలములను చిన్నాభిన్నము చేసినది. తరువాతి దశకములో కఱవు ప్రాంతములకు ధాన్యము చేర్చుట ఒక ముఖ్యోద్దేశముగా బళ్ళారి–కృష్ణా రైలుమార్గము నిర్మింపబడి, దక్షిణ మరాఠా రైల్వేవారి యాజమాన్యములో నడచినది. గుంతకల్లునుండి డోన్, నంద్యాల మీదుగా నల్లమలను చీల్చుకొని బెజవాడవైపునకు పోయిన మీటరుగేజి మార్గ మిదియే. రైలు వచ్చుటతో రంపమునకు పని పెరిగినది. మీటరుగేజి పట్టాల క్రింద పరచు స్లీపరు కొయ్య కొలత ఆరడుగుల పొడవు, ఎనిమిదంగుళముల వెడల్పు, నాలుగున్నర అంగుళముల మందము. దాని నాలుగు ముఖములను రంపముతోనే తీసినచో పన్నెండున్నర చదరపు అడుగుల కోత యగును. లీలావతి లెక్కలోని సంఖ్యయు పన్నెండున్నరయే యగుట కాకతాళీయము. అక్కడివి హస్తములు, ఇక్కడివి అడుగులు. గొడ్డలితో చెక్కిన స్లీపరులును లేకపోలేదు. అయినను స్టేషనుల తలుపులకు, బండ్ల పెట్టెలకు, వంతెనల పనికి కోసిన కలపయే కావలెను. ఆ కాలముననే 1882 మదరాసు అడవుల చట్టము వచ్చినది. అడవి ప్రభుత్వపు టడవి యైనది. కలప అడితికి వచ్చి అమ్ముడుపోవు సరకైనది.

ఈ రైలుమార్గములే మన వడ్రంగి పెట్టెలోనికి రెండవ జాతి రంపమును తెచ్చిన దారి. అది సీమరంపము.

ఉక్కు విషయములో తెలుగుదేశము ఇంగ్లండునకు తీసిపోయినది కాదు. నిజామాబాదు మండలములోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కు కత్తులకు ప్రసిద్ధి కెక్కినది. మన ఉక్కు అను మాటయే పాశ్చాత్యుల నోట ఊట్జ్ అయినదని పలువురి యభిప్రాయము. 1795లో జార్జి పియర్సన్ ఈ ఉక్కును పరీక్షించి లండను రాయల్ సొసైటీవారికి వ్యాసము సమర్పించినాడు. తరువాత మైకేల్ ఫారడే వంటివాడును దీని రహస్యము కొఱకు తంటాలు పడినాడు. అయితే కత్తికి తగిన ఉక్కు వేరు, రంపమునకు తగిన ఉక్కు వేరు. మన ముద్ద యుక్కులో బొగ్గుపాలు మిక్కిలి యెక్కువ. దానిని పలుచని వెడల్పు రేకుగా సాగగొట్టుట కష్టము. రంపపు రేకు వంచిన వంగి విడిచిన వెంటనే నిటారుగా నిలువవలెను. ఆకురాయికి లొంగునంత మెత్తగాను, కొయ్యకు లొంగనంత గట్టిగాను ఉండవలెను. 1740 ప్రాంతములో షెఫీల్డు దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారములు చేయువాడు మూసయుక్కును ఒకే గుణముతో తీయుట సాధించినాడు. దానిని రోలరులతో రేకులుగా సాగదీయుట నేర్చిన పిమ్మట షెఫీల్డు రంపములకు ఎదురులేక పోయినది. 1760లో మొదలైనట్లు చెప్పుకొను స్పియర్ అండ్ జాక్సన్ కంపెనీ ఆ నగరములోనిదే.

అమెరికాలో ఈ పనికి పేరు తెచ్చినవాడు హెన్రీ డిస్టన్. ఇంగ్లండులో 1819లో పుట్టి, బాలుడుగా నుండగనే 1833లో అమెరికా చేరినాడు. 1840లో ఫిలడెల్ఫియాలో స్వంతముగా రంపములు చేయుట మొదలుపెట్టినాడు. షెఫీల్డు ఉక్కు మీద ఆధారపడక 1855లో తానే ఉక్కు కరగించినాడు. 1874లో వచ్చిన డి-8 అను రంపమునకు వీపు నిటారుగా నుండక కొంచెము లోనికి వంగియుండును. బరువు తగ్గించుటకై చేసిన యేర్పాటది. ఆ కుటుంబము 1955లో కంపెనీని పరులకు అమ్మివేసినది. నేడు పాత పనిముట్లు సేకరించువారు ప్రపంచమంతట వెదకునవి ముఖ్యముగా ఈ షెఫీల్డు, ఫిలడెల్ఫియా రంపములనే.

స్వాతంత్ర్యానంతరము దిగుమతులపై ఆంక్షలు బిగిసిన కాలములో సీమరంపము దొరకుట కష్టమైనది. ఉన్నవానిని ప్రాణముతో సమానముగా చూచుకొనిరి. విద్యుచ్ఛక్తియు, కోతమిల్లులును విస్తరించిన కొలది పెద్దరంపము మూలబడినది. శ్రీశైలము–నాగార్జునసాగరము అభయారణ్యము 1978లో ఏర్పడి, 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలో చేరినది. నల్లమల దుంగ రాక తగ్గినది. 1990 దశకములో మీటరుగేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చినది, కొయ్య స్లీపరు స్థానమును కాంక్రీటు స్లీపరు ఆక్రమించినది. ఇంటి తలుపులును ఇప్పుడు కర్మాగారమునుండి సిద్ధముగా వచ్చుచున్నవి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన కేంద్రప్రభుత్వపు విశ్వకర్మ పథకము 18 చేతివృత్తులవారికి పనిముట్ల కొఱకు 15,000 రూపాయల వరకు సహాయ మిచ్చుచున్నది. కొత్త పనిముట్లు రావలసినదే. అయితే కొత్త పెట్టె ఇంటిలోనికి వచ్చిన నాడే పాత పెట్టె బయటికి పోవుటయు సహజము. మన ప్రశ్న ఆ నాటికి సంబంధించినది.

ఇప్పుడు పెట్టె మూత తీయుదము.

మొదట చేతికి తగులునవి బహుశః సీమరంపములే. వానిపై ఆశ పెట్టుకొనుటకు ముందు మూడు పరీక్షలు చేయవలెను. పళ్ళ అంచును కంటికి ఎదురుగా పట్టి, తుపాకి గురిచూచినట్లు కొననుండి చూడుడు, మెలికయున్నచో కనబడును. కొనను పట్టుకొని పిడివైపునకు మెల్లగా వంచి విడువుడు. మంచి రేకు వంపు మిగలకుండ నిటారగును. ఆ పిమ్మట త్రుప్పు ఎచ్చట తిన్నదో చూడుడు. రేకు నడుమ మచ్చలున్న భయము లేదు. పళ్ళ మొదట గుంటలు పడియున్న యెడల, ఎంత బాగుచేసినను వంచునప్పుడు పన్ను విరిగిపోవును. ఒకటి రెండు పళ్ళు లేకపోవుట లోపమే కాదు, ఆకురాయితో కొత్త పన్ను తీయవచ్చును.

పిడిమీది ఇత్తడి బిళ్ళను చూచి మోసపోరాదు. వారంటెడ్ సుపీరియర్ అను అక్షరములు గల బిళ్ళ చాల రంపములపై నుండును. అది ఏ ఒక్క తయారీదారు పేరును కాదు. పలు కంపెనీలు తమ రెండవ తరగతి సరకుపై వేసిన ముద్ర. తయారీదారు పేరు, ఊరు రేకుపై ఆమ్లముతో చెక్కబడియుండును. ఆ చెక్కడము త్రుప్పు క్రింద దాగియుండుటచేత, తొందరపడి రాకినవాడు దానినే పోగొట్టుకొనును.

ఈ మూడు పరీక్షలలో నెగ్గిన సీమరంపములు ఐదున్నచో ఐదును ఉంచుకొనవలసిన పనిలేదని నా యభిప్రాయము. ఇట్టివి వేలకొలది తయారైనవి. వాని చరిత్ర కంపెనీల జాబితాలలో భద్రముగా నున్నది. నిలువుకోతకు ఒకటి, అడ్డకోతకు ఒకటి చాలును. అంగుళమునకు నాలుగు మొదలు ఏడు వరకు పళ్ళ కొనలున్నది నిలువుకోత రంపము. దాని పన్ను చిన్న ఉలి వలె పనిచేయును. ఎనిమిది మొదలు పన్నెండు వరకు నున్నది అడ్డకోతది. దాని పన్ను కత్తిమొన వలె నారను తెగగోయును. వీనికి తోడు, వీపున ఇత్తడి గాని ఇనుము గాని పట్టీ గల చిన్న రంప ముండినచో దానిని తప్పక బాగుచేయించి వాడుకొనవలెను. కుసులు కోయుటలో దాని సున్నితత్వము చక్రపు రంపమునకు రాదు. మిగిలినవానిని అమ్ముకొనుటలో తప్పేమియు లేదు. కుటుంబమునకు డబ్బు అవసరమై యున్నప్పుడు పాతదను మమకారముతో మంచి పనిముట్టును అటకపై త్రుప్పు పట్టనిచ్చుట కంటె, దానితో పనిచేయగల చేతికి అమ్ముట మేలు.

అమ్మకము విషయములో ఒక చట్టము జ్ఞాపక ముంచుకొనవలెను. 1972 పురావస్తువుల, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లకు తక్కువ గాక ఉండి, పూర్వకాలపు కళలకు గాని, చేతిపనులకు గాని నిదర్శనముగా నుండు వస్తువు పురావస్తు వగును. అట్టిదానిని విదేశములకు పంపుటకు ప్రైవేటు వ్యక్తులకు అధికారము లేదు. విదేశములలోని సేకరణకర్త మంచి ధర యిత్తునని వ్రాసినంతనే తపాలాలో పంపివేయరాదు. ముందుగా రంపపు వయస్సు తేల్చుకొనవలెను.

పిడిమీద రంగురంగుల ప్లాస్టికు, పళ్ళ కొనలపై నీలినలుపు చాయ గల రంపములును పెట్టెలో కనబడవచ్చును. ఇవి ఇటీవలివి. విద్యుత్తుతో పళ్ళను గట్టిపరచినందున ఆకురాయి వానిపై నడువదు. మొద్దుబారిన పిమ్మట పారవేయుటయే గతి. త్రాసువానికి వీనిని సంతోషముగా ఇచ్చివేయవచ్చును.

ఇక పెట్టె అడుగున నున్నవి. వీనినే అందరును మొదట పారవేయుదురు; నేను చెప్పదలచిన ముఖ్యవిషయము వీనిని గూర్చియే.

ఒకటి, ఊరి కమ్మరి చేసిన చిన్న రంపము. రేకు మందము అంతట ఒక్కతీరున నుండదు. సమ్మెట దెబ్బల జాడలు కనబడును. పళ్ళు పిడివైపునకు వాలియుండును. పిడి తుమ్మకొయ్యయో, టేకు ముక్కయో. దీనిపై పేరులేదు, ఊరులేదు, సంవత్సరము లేదు. బజారులో దీని విలువ ఇనుము తూకమే. కాని కూర్చుండి పనిచేసిన వడ్రంగి భంగిమ, కమ్మరికిని వడ్రంగికిని గల యిచ్చిపుచ్చుకొనుట, సీమరంపమునకు ముందున్న పద్ధతి, ఈ మూడును దీనిలో నున్నవి. వీనిని వ్రాసిపెట్టిన జాబితా ఏ కంపెనీయందును లేదు. ఇది పోయినచో మరియొక ఆధారము దొరకదు.

రెండవది, అరిగిన సీమరంపము. ఆకురాయి పట్టినప్పుడెల్ల రేకు కొంత తరుగును. కొన్నప్పుడు జానెడు వెడల్పున్న రేకు రెండు తరముల పనికి మూడు వ్రేళ్ళ వెడల్పునకు దిగియుండును. మొదటి పిడి విరిగినప్పుడు తాతగారు స్వయముగా టేకుతో చెక్కి బిగించిన పిడి దానికుండును. సేకరణకర్త ఈ రెండు కారణములచేతను ధర తగ్గించును. చరిత్రకారుడు ఈ రెండు కారణములచేతనే దానిని గౌరవింపవలెను. షెఫీల్డు రేకు ఇంగ్లండు చరిత్ర. ఆ అరుగుదలయు, ఆ టేకు పిడియు డోన్ చరిత్ర. ఒకవేళ సీమ రేకుకు పళ్ళు వెనుకకు మళ్ళించి లాగెడు రంపముగా మార్చియుండినచో అంతకు మించిన నిదర్శనము కోరనక్కరలేదు. ఇట్టిదానికి కొత్త పిడి వేయించుట, రేకును తళతళలాడించుట మరమ్మతు కాదు, సాక్ష్యమును చెరపుట.

మూడవది పెద్దరంపము. నిలువెత్తు పొడవుండుటచేత దీనికి పెట్టెలో చోటు లేదు. గోడకు చేరవేసియో, దొడ్డిలో దడికి అడ్డముగా కట్టబడియో యుండును. బరువెక్కువ గనుక త్రాసువాడు దీనినే మొదట అడుగును. ఎవరికిని దీనితో పనిలేదు, ఇక రాబోదు. కోయుటకు దుంగ లేదు, లాగుటకు జత లేదు. అయినను మన మిద్దెలను నిలిపిన దూలములన్నియు దీనిగుండ వచ్చినవి. నేటికిని ఒక పాత మిద్దెలోనికి పోయి దూలము ప్రక్కతట్టును దీపము వెలుతురులో చూచినచో, కొంచెము ఏటవాలుగా, ఎడము సమముకాని గీతలు కనబడును. అవి ఇద్దరు మనుష్యుల లాగుడు గుర్తులు. మిల్లుకోతలోని గీతలు సమదూరమున నుండును; చక్రపు రంపము గీతలు విల్లువలె వంగియుండును. ఊరిలో ఒక్క పెద్దరంపమైనను మిగిలియుండినచో ఆ దూలములమీది గీతలను పిల్లలకు చదివి చెప్పుట సులభము.

ఇంటిలో చోటు లేదందురు. నిజమే. ఊరి ఉన్నత పాఠశాలయో, పారిశ్రామిక శిక్షణసంస్థయో, దేవాలయములో రథము నిలుపు సావడియో దీనికి చోటీయవచ్చును. ఆళ్ళగడ్డ శిల్పులు రాతిపని వలన భౌగోళిక గుర్తింపు పొందినారు. వారి ఉలి పేరు పదిమందికి తెలిసినది. బనగానపల్లె ప్రాంతమున సంచరించి, కందిమల్లయపల్లెలో వడ్రంగముతో జీవించెనని సంప్రదాయము చెప్పు పోతులూరి వీరబ్రహ్మముగారి సీమ యిది. ఇట్టి సీమలో వడ్రంగి పనిముట్లను ఒకచోట చేర్చి చూపుట అసంగతము కాదు.

బాగుచేయుటను గూర్చి రెండు మాటలు. వాడుకొనదలచిన రంపమునే బాగుచేయవలెను. కిరసనాయిలు పూసి ఒక రాత్రి ఉంచి, సన్నని ఉప్పుకాగితమును చదునైన కొయ్యముక్కకు చుట్టి, రేకు పొడవునకు అనుగుణముగా రుద్దవలెను. తయారీదారు చెక్కడమున్న చోట చేయి తేలికగా నడపవలెను. విద్యుత్ సానచక్రమును దగ్గరకు రానీయరాదు. రేకు వేడెక్కి నీలివర్ణమునకు తిరిగినచో దాని పదును నిలుచు గుణము పోయినట్లే. చింతపండు ఇత్తడి మరలకు మంచిదే గాని ఉక్కుపై నిలువయుంచరాదు. కొబ్బరినూనె, వేరుసెనగనూనె కాలక్రమమున జిగురెక్కును. కుట్టుమిషనుకు వాడు నూనె పలుచగా పూసిన చాలును.

పళ్ళ పని ఓర్పు గలవాని పని. మొదట బల్లపరుపు ఆకురాయితో పళ్ళ కొనలన్నియు ఒకే ఎత్తునకు వచ్చునట్లు చేసి, పిమ్మట ముక్కోణపు ఆకురాయితో ఒక్కొక్క సందును తీయవలెను. ఆపైన పళ్ళను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచవలెను. వంపు పన్ను ఎత్తులో సగమునకు మించి దిగరాదు. కోత వెడల్పు రేకు మందమునకు ఒకటిన్నర రెట్లు దాటనక్కరలేదు. పచ్చికొయ్యకు మాత్రము కొంచె మెక్కువ కావలెను. పచ్చికొయ్య పొట్టు పళ్ళలో చిక్కుకొనుననియు, పళ్ళు ఎడపెడగా వంచిన ఆ పొట్టు బయటికి పోవుననియు రోమకుడైన ప్లినీ మొదటి శతాబ్దముననే వ్రాసియున్నాడు. డోన్‌లో తుమ్మకొయ్య కోసిన ఏ పెద్దమనిషి నడిగినను ఈ మాటయే చెప్పును.

ఉంచుకొనదలచిన రంపములకు ఈ సంస్కార మక్కరలేదు. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, నూనె తాకించి, చెమ్మ తగులని చోట వ్రేలాడదీసిన చాలును. పెద్దరంపమును గోడకు చేరవేయక రెండు కొయ్యలపై పడుకోబెట్టవలెను, లేదా రెండు కొనలనుండి కట్టవలెను. చేరవేసిన రేకు తన బరువునకు తానే వంగును. అంతకంటె ముఖ్యమైనది చీటి. ఎవరు వాడిరి, ఎవరు పదును పెట్టిరి, ఏ ఊరిలో ఏ మిద్దెకు, ఏ రథమునకు దీనితో కొయ్య కోసిరి, జతగా క్రిందనుండి లాగినవాని పేరేమి? ఇంటిలోని పెద్దలు చెప్పగా వ్రాసి పిడికి కట్టవలెను. ఆయుధపూజ నాడు రంపమునకు పసుపు కుంకుమ పెట్టు నలవాటు ఈ ఇండ్లలో నున్నది. పనిముట్లన్నియు క్రిందికి దిగి, పెద్దలును పిల్లలును ఒకచోట కూర్చుండు దినమది. చీటి వ్రాయుటకు అంతకంటె అనువైన దినము లేదు. ముందుగా అడుగవలసినది క్రిందనుండి లాగినవాని పేరు. ఎందుకనగా పైవాని పేరు ఇంటిలో అందరికిని తెలిసియుండును. క్రిందివాడు తరచుగా ఇంటివాడు కాడు.